టెక్సాస్ బ్యాలెట్‌లో జడ్జీల పేర్లు వచ్చినప్పుడు ఏం చేయాలి?

సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటు వేయబోయే మన వాళ్ళకి టెక్సాస్‌లో ఒక షాక్ తప్పదు. ప్రెసిడెంటో, సెనేటరో, గవర్నరో అనుకుని వెళ్తారు. ఆ పేర్లు అయిపోయాక బ్యాలెట్ ఇంకా చాలా మిగిలే ఉంటుంది. సుప్రీంకోర్టు ప్లేస్ ఫలానా, అప్పీల్స్ కోర్టు ప్లేస్ ఫలానా, ఇన్నో నంబరు జ్యుడీషియల్ డిస్ట్రిక్ట్ జడ్జి, కౌంటీ కోర్టు ఎట్ లా నంబరు ఇంత... ఒక్క పేరూ విన్నది కాదు. వెనక లైనులో జనం. అక్కడ టెన్షన్ పడి చాలామంది రెండింటిలో ఒకటి చేస్తారు. మిగతావన్నీ ఖాళీగా వదిలేసి బయటపడతారు, లేదంటే నోరు తిరిగిన పేరు మీద టిక్కు పెట్టేస్తారు. నోరు తిరిగిన పేరు అంటే కొందరికి స్మిత్తు, మనకైతే ఏ పటేలో రెడ్డో.

అలా కాకుండా ఓ రెండు సాయంత్రాలు కేటాయించి, తెలిసి ఓటేయడం ఎలాగో రాస్తున్నాను. నేను లాయర్ని కాను. ఫ్రిస్కోలో ఉంటాను, ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా పేరు రాయించుకుని శని ఆదివారాల్లో మన వాళ్ళ చేత ఓటరు ఫారాలు నింపిస్తుంటాను. కోర్టు వాసన మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా నాన్న ఖమ్మంలో ప్లీడరు గుమాస్తా. ఇక్కడ జడ్జీలను ఎన్నుకుంటారని చెబితే ఫోన్లోనే నవ్వాడు. "జడ్జిగారికి ఓట్లేందే? ఇంటింటికీ తిరిగి దండాలు పెడతాడా?"

పెడతారు మరి. తలుపు పిడికి కరపత్రం తగిలించి పోతారు, కూడలిలో బోర్డులు పాతుతారు. మన దగ్గర కింది కోర్టుకు పరీక్ష రాసి వస్తారు, హైకోర్టుకు కొలీజియం పేర్లు పంపుతుంది. టెక్సాస్‌లో 1876 రాజ్యాంగం నాటి నుంచీ జడ్జీలు పార్టీ టిక్కెట్టు మీద పోటీ చేసి గెలవాల్సిందే. పేరు పక్కనే ఏ పార్టీయో రాసి ఉంటుంది.

ముందుగా ఒక హెచ్చరిక. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, హెచ్1బి వాళ్ళు ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవర్ లైసెన్స్ ఆఫీసులో ఎవరో అడిగారని పొరపాటున గడిలో టిక్కు పెట్టినా తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో మెడకు చుట్టుకుంటుంది, దేశం దాటించే దాకా పోవచ్చు. ప్రమాణం చేసి సర్టిఫికెట్ చేతికొచ్చాకే ఫారం నింపండి. ఎన్నికకు కనీసం 30 రోజుల ముందు అది కౌంటీకి చేరాలి.

ఏ జడ్జి దగ్గర మన పని పడుతుంది

పై నుంచి చదివితే బోరు కొడుతుంది. కింది నుంచి రండి.

అన్నిటికన్నా కింద ఉండేది జస్టిస్ ఆఫ్ ద పీస్, అందరూ జేపీ అంటారు. మనలో ఎక్కువమందికి జీవితంలో తగిలే కోర్టు ఇదే. అపార్ట్‌మెంట్ డిపాజిట్ ఎగ్గొట్టినా, కాంట్రాక్టరు అడ్వాన్స్ తీసుకుని మొహం చాటేసినా, 20,000 డాలర్ల లోపు దావా ఇక్కడే. అద్దె కట్టకపోతే ఖాళీ చేయించే కేసులు ఇక్కడే. హైవే మీద స్పీడింగ్ టిక్కెట్టూ ఇక్కడికే రావచ్చు. తమాషా ఏమిటంటే జేపీకి లా డిగ్రీ ఉండాలన్న నియమమే లేదు. అందుకే ఈ ఒక్క పోటీకి నేను ఎక్కువ టైం పెడతాను.

దానిపైన కౌంటీ కోర్టులు ఎట్ లా: చిన్న క్రిమినల్ కేసులు, మధ్యరకం సివిల్ దావాలు. ఆపైన డిస్ట్రిక్ట్ కోర్టులు. విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, గృహహింసలో ప్రొటెక్టివ్ ఆర్డర్, పెద్ద నేరాలు, పెద్ద సొమ్ము ఉన్న దావాలు అన్నీ వీళ్ళవే. భర్త వీసా మీద వచ్చి, ఉద్యోగం లేక, ఇంగ్లీషులో తడబడే అమ్మాయి ఒకరోజు ఈ జడ్జి ముందే నిలబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బ్యాలెట్‌లో ఆ పేజీని దాటేయబుద్ధి కాదు.

ఆపైన అప్పీల్స్ కోర్టులు. ఫ్రిస్కో వాళ్ళకి ఇక్కడొక చిక్కుంది. ఊరు రెండు కౌంటీల్లో ఉంది. కాలిన్ కౌంటీ వైపు ఇల్లుంటే డల్లాస్‌లో ఉన్న ఐదో అప్పీల్స్ కోర్టుకు ఓటేస్తారు, డెంటన్ వైపుంటే ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న రెండో కోర్టుకు. ఒకే గుడికి వెళ్ళే ఇద్దరు స్నేహితుల బ్యాలెట్లు వేరు. కాబట్టి వాట్సాప్‌లో ఎవరో పంపిన లిస్టును మీ ఊరిదే కదా అని దించేయకండి. అన్నిటికీ పైన రెండు కోర్టులు: సివిల్‌కి తొమ్మిది మంది ఉన్న టెక్సాస్ సుప్రీంకోర్టు, క్రిమినల్‌కి మరో తొమ్మిది మందితో కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్. వీళ్ళకి ఆరేళ్ళ పదవి, డిస్ట్రిక్ట్ జడ్జికి నాలుగేళ్ళు.

"కౌంటీ జడ్జి" అన్న పదవి ఈ వరసలోది కాదు. పేరులో జడ్జి ఉన్నా పని కౌంటీ పాలన, బడ్జెట్, వరదలొస్తే ప్రెస్‌మీట్. మన జిల్లా పరిషత్ ఛైర్మన్‌ని తలుచుకోండి. 2018లో ఫోర్ట్ బెండ్ కౌంటీకి కేరళ నుంచి వచ్చిన కేపీ జార్జ్ గెలిచింది ఈ పదవికే. ఆ రోజు మన వాళ్ళ గ్రూపుల్లో ఆయన తీర్పులు చెప్తారనుకుని తెగ సంబరపడ్డారు.

కాగితం తయారు చేసుకోవడం

కౌంటీ ఎలక్షన్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరు, పుట్టినతేదీ కొడితే మీ ఇంటికి వర్తించే నమూనా బ్యాలెట్ వస్తుంది. ప్రింటు తీయండి. ఫోన్లో ఉంచుకుంటే చాలదు. టెక్సాస్‌లో పోలింగ్ గదిలో, ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపు ఫోన్ వాడనివ్వరు. రాసుకున్న కాగితం తీసుకెళ్ళడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఒక చేతిలో, ఈ కాగితం ఇంకో చేతిలో. 2018 దాకా ఒకే నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే సౌకర్యం ఉండేది, 2020 నుంచి తీసేశారు. ఇప్పుడు ఒక్కో పోటీకీ విడిగా గుర్తు పెట్టాల్సిందే.

జడ్జీల పోటీ ఉన్న ప్రతి లైను పక్కన నేను నాలుగు గళ్ళు గీస్తాను. లైసెన్సు, పని, డబ్బు, బెంచి.

లైసెన్సు గడికి ఐదు నిమిషాలు చాలు. స్టేట్ బార్ ఆఫ్ టెక్సాస్ సైట్‌లో పేరు వెతికితే ఏ ఏడాది లాయరయ్యారో, క్రమశిక్షణ చర్య ఏమైనా ఉందో కనిపిస్తుంది. ఇప్పటికే జడ్జి అయితే స్టేట్ కమిషన్ ఆన్ జ్యుడీషియల్ కాండక్ట్ బయటపెట్టిన మందలింపులు కూడా చూడండి. ఇక్కడే కొందరి కథ ముగుస్తుంది.

పని గడి అంటే లాయరుగా ఎవరి పక్కన నిలబడ్డారన్నది. జడ్జీ కుర్చీల్లో పూర్వం ప్రాసిక్యూటర్లుగా చేసినవాళ్ళు, పెద్ద ఫర్ముల నుంచి వచ్చినవాళ్ళు దండిగా ఉంటారు. పబ్లిక్ డిఫెండరుగానో (డబ్బు లేని నిందితుల తరఫున ప్రభుత్వం పెట్టే లాయరు), లీగల్ ఎయిడ్‌లోనో, చిన్న ఆఫీసు పెట్టుకుని విడాకుల కేసులు చూసుకునో వచ్చినవాళ్ళు తక్కువ. బెంచి మీద వైవిధ్యం అనగానే మనం రంగు, ఆడా మగా దగ్గర ఆగిపోతాం. నా లెక్కలో ఇది కూడా అంతే ముఖ్యం. ఫ్యామిలీ కోర్టుకు పోటీ చేసే మనిషి జీవితంలో ఒక్క కస్టడీ కేసు కూడా వాదించకపోతే పక్కన ప్రశ్నార్థకం పెడతాను, ఏ పార్టీ అయినా సరే.

డబ్బు గడికి టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ సైట్‌లో డిస్ట్రిక్ట్ జడ్జి నుంచి పైవాళ్ళ విరాళాల రిపోర్టులు ఉంటాయి, కౌంటీ స్థాయి వాళ్ళవి కౌంటీ దగ్గరే. ఎక్కువగా కనిపించేది లాయర్ల పేర్లే. అదే కోర్టులో వాదించే లాయర్లు. చట్టప్రకారం తప్పేమీ కాదు, పరిమితులు ఉన్నాయి. మొత్తంలో సగం ఒకే ఫర్ము నుంచి వచ్చిందా అన్నదే నేను చూసేది. ఇది ఊరికే చాదస్తం కాదు. వెస్ట్ వర్జీనియాలో 2004లో మాసీ బొగ్గు కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ తన కంపెనీ మీద 5 కోట్ల డాలర్ల తీర్పు అప్పీలుకు వెళ్ళబోతుండగా ఒక సుప్రీంకోర్టు అభ్యర్థి కోసం 30 లక్షల డాలర్లు కుమ్మరించాడు. అభ్యర్థి గెలిచాడు, కేసు నుంచి తప్పుకోనన్నాడు, కంపెనీ 3-2 తేడాతో గెలిచింది. ఆ మూడింటిలో ఒకటి అతని ఓటే. 2009లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆ జడ్జి పక్కకు జరగాల్సిందని తేల్చింది.

డల్లాస్, హ్యూస్టన్ బార్ అసోసియేషన్లు, అంటే లాయర్ల సంఘాలు, తమ లాయర్లను అడిగి జడ్జీల మీద అభిప్రాయ సేకరణ చేస్తాయి. చూడండి కానీ కొంచెం ఉప్పు కారం తగ్గించి చూడండి. గట్టిగా మందలించే జడ్జికి లాయర్లు మార్కులు తక్కువ వేస్తారు, ఖమ్మంలోనైనా డల్లాస్‌లోనైనా.

బెంచి గడి: కోర్టుకు వెళ్ళి కూర్చోండి

ఈ పని ఎవరూ చేయరు, నిజానికి అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది ఇక్కడే. కోర్టులు బహిరంగం. ఎవరైనా వెళ్ళొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. టోపీ తీసేయండి, ఫోన్ ఆపేయండి, వెనక బల్ల మీద కూర్చోండి. సెలవు పెట్టలేకపోతే టెక్సాస్ సుప్రీంకోర్టు వాదనలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు, కానీ జేపీ కోర్టులో ఒక ఉదయం గడపడం వేరు.

జడ్జి సంగతి వాయిదాలు ఇచ్చే తీరులోనే తెలిసిపోతుంది అనేవాడు నాన్న. నేను చూసేవీ అలాంటివే. చెప్పిన టైముకి బెంచి మీదకు వచ్చారా? లాయరు లేకుండా వచ్చినవాళ్ళకి ఇప్పుడు ఏం జరగబోతోందో ఒక ముక్క చెప్పారా? దుబాసీ మాట పూర్తయ్యే దాకా ఆగారా? రెండో పక్షం మాట వినకుండానే కలం తీశారా?

అద్దె డిపాజిట్ కోసం దావా వేసిన మన కుర్రాడొకడికి తోడుగా ఒకసారి జేపీ కోర్టుకు వెళ్ళాను. వాడి వంతు కన్నా ముందు ఒక స్పానిష్ మాట్లాడే ఆవిడ కేసు పిలిచారు. ఇల్లు ఖాళీ చేయించే కేసు. అవతలి వైపు మేనేజ్‌మెంట్ మనిషి చక్కగా ఫైలు పట్టుకొచ్చాడు, ఆవిడ చేతిలో పర్సు తప్ప ఏమీ లేదు. జడ్జి ఫైలు తిప్పి నోటీసు మీద తేదీ చూసింది. తర్వాత దావా వేసిన తేదీ చూసింది. బల్ల మీదున్న క్యాలెండర్ ముందుకు లాక్కుని వేలితో లెక్కపెట్టింది. నోటీసు ఇచ్చాక మూడు రోజులు ఆగాలి, వీళ్ళు ఆగలేదు. కేసు కొట్టేసింది. ఆవిడకి మాత్రం, వాళ్ళు మళ్ళీ సరిగ్గా నోటీసు ఇచ్చి రావచ్చు, ఈలోపు అద్దె సంగతి చూసుకో అని దుబాసీ ద్వారా చెప్పించింది. మొత్తం ఆరేడు నిమిషాలు. మా వాడి వంతు వచ్చాక వాడి మూడు ముక్కల పేరు ఎలా పలకాలో అడిగి, కాగితం మీద రాసుకుని, ఆఖరు దాకా సరిగ్గానే పిలిచింది. ఆవిడ ఏ పార్టీయో ఇంటికొచ్చాక చూశాను.

మనవాళ్ళ పేరు కనిపిస్తే

ఇక అసలు ప్రశ్న. బ్యాలెట్‌లో ఇండియన్ పేరు కనిపిస్తే వేసేయాలా?

ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. 2018లో ఫోర్ట్ బెండ్‌లో జూలీ మాథ్యూ కౌంటీ కోర్టు జడ్జిగా గెలిచారు. 2022లో అదే కౌంటీలో 240వ డిస్ట్రిక్ట్ కోర్టుకు సురేంద్రన్ పటేల్ గెలిచారు. కేరళలో చిన్నప్పుడు బీడీలు చుట్టిన మనిషి, ప్రచారంలో తన యాస మీద మాటలు పడ్డానని ఆయనే చెప్పారు. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో మన్‌ప్రీత్ మోనికా సింగ్ 2023 జనవరిలో ప్రమాణం చేసి దేశంలో తొలి సిక్కు మహిళా జడ్జి అయ్యారు. వీళ్ళంతా కష్టపడి గెలిచినవాళ్ళు. కానీ పేరు చూసి స్మిత్తుకు ఓటేసేవాళ్ళని తిట్టుకుని మనం పేరు చూసి వేస్తే ఎలా? మనవాళ్ళకీ అవే నాలుగు గళ్ళు నింపండి. నింపాక ఇద్దరూ సమానంగా తూగితే, బెంచి మీద ఇప్పటిదాకా లేని అనుభవం ఎవరు తెస్తారో నేను వాళ్ళకే వేస్తాను. ఇది నా పద్ధతి, మీకు నచ్చకపోవచ్చు.

ఓట్ల వల్ల బెంచి రంగు ఎలా మారుతుందో హ్యారిస్ కౌంటీ చూపించింది. 2018లో అక్కడ 19 మంది నల్లజాతి మహిళలు 'బ్లాక్ గర్ల్ మ్యాజిక్' అన్న పేరుతో కలిసి ఫోటో దిగి జడ్జీ పదవులకు పోటీ చేశారు, 17 మంది గెలిచారు. దేశమంతా చెప్పుకున్నారు. అదే రోజు అదే కౌంటీలో జడ్జీల పోటీలు 59 ఉంటే 59 డెమోక్రాట్లే గెలిచారు. ఓడినవాళ్ళలో పని బాగా చేసినవాళ్ళున్నారా, గెలిచినవాళ్ళలో ఎవరెలాంటివారు అని విడివిడిగా చూసినవాళ్ళు ఎంతమంది? డల్లాస్ ఐదో అప్పీల్స్ కోర్టులో అదే ఏడాది పోటీ జరిగిన ఎనిమిది సీట్లూ డెమోక్రాట్లు పట్టుకుపోయారు, 2024లో గాలి తిరిగి రిపబ్లికన్లు దాదాపు అన్నీ పట్టుకుపోయారు. గాలితో వచ్చిన వైవిధ్యం గాలితోనే పోతుంది. గళ్ళు గీసుకునే ఓటర్లు కొంచెం ఎక్కువుంటే అన్నా తట్టుకుంటుందని నా ఆశ.

ఇంకో దారి నియామకం. మధ్యలో సీటు ఖాళీ అయితే డిస్ట్రిక్ట్ కోర్టు నుంచి పైదాకా గవర్నరే జడ్జిని వేస్తాడు, తర్వాత వాళ్ళు ఎన్నికలో నిలబడాలి. టెక్సాస్ సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి జడ్జి వాలెస్ జెఫర్సన్ అలాగే 2001లో వచ్చారు, 2004లో చీఫ్ జస్టిస్ అయ్యారు. ఆయన పూర్వీకుడు షెడ్రిక్ విల్లిస్ వేకో ఊళ్ళో ఒక జిల్లా జడ్జి ఇంట్లో బానిస. అలాంటి ఇంటి నుంచి వచ్చి, ఓట్లతోనూ గెలిచిన ఆ పెద్దమనిషే పార్టీ టిక్కెట్ల మీద జడ్జీలను ఎన్నుకోవడం ఆపండని శాసనసభకు చెప్పారు. వాళ్ళు ఆపలేదు. విజయవాడలో పుట్టిన బాడిగ జయ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయింది కూడా గవర్నర్ నియామకంతోనే. ప్రమాణం రోజు ఆవిడ తెలుగులో పలకరించిన వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది.

అంటే ఓటు ఒక్కటే మార్గం కాదు. లా చదివే మన పిల్లలకు ఇది చెప్పండి. డిస్ట్రిక్ట్ జడ్జి కావాలంటే టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళు లాయరుగానో జడ్జిగానో పనిచేసి ఉండాలి. పేరు పంపేవాళ్ళు లేకపోతే నియమించేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ప్రైమరీని వదలకండి

ప్రైమరీ అంటే ఒక్కో పార్టీ తన అభ్యర్థి ఎవరో తేల్చుకునే ఎన్నిక. మార్చిలో జరిగే దానికి మన వాళ్ళు అస్సలు వెళ్ళరు. మీ కౌంటీలో ఒకే పార్టీ గెలుస్తూ వస్తుంటే అసలు ఎన్నిక అదే, నవంబరుది తంతు. సురేంద్రన్ పటేల్ కూడా ముందు ప్రైమరీలో కుర్చీలో ఉన్న జడ్జినే ఓడించి వచ్చారు. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ రాయక్కర్లేదు. పోలింగ్ దగ్గర ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే ఇస్తారు. ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మే నెలలో వచ్చే రెండో విడత ఓటింగ్ (రనాఫ్)లో రెండో పార్టీకి వేయడం కుదరదు, అంతే.

అభ్యర్థి బతుకమ్మకో ఉగాదికో వచ్చి మైకు పట్టుకుంటే సెల్ఫీతో సరిపెట్టకుండా ఏదైనా అడగండి. "ఫలానా కేసులో ఏం తీర్పిస్తారు" అని అడిగితే చెప్పకూడదు, నియమావళి ఒప్పుకోదు. నా కేసు మీ కోర్టులో ఉంది అని మాత్రం నోరెత్తకండి, అది మీకే చేటు. లాయరు లేని మనిషికి టైం ఎలా ఇస్తారు, దుబాసీ అవసరమైతే ఎలా ఏర్పాటు చేస్తారు, మీ కోర్టులో కేసు విచారణకు రావడానికి ఎంత కాలం పడుతోంది అని అడగొచ్చు. సంఘాల పెద్దలకు ఒక మాట: 501సి3 కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా, నమోదైన సంఘమో గుడో ఫలానా వారికి ఓటేయండని వేదిక మీద చెప్పకూడదు. చర్చా కార్యక్రమం పెడితే ఇద్దరినీ పిలవండి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి క్లుప్తంగా. న్యూజెర్సీలో జడ్జీలకు ఎన్నికలే లేవు, గవర్నర్ పేరు చెబితే సెనేట్ ఒప్పుకోవాలి. వర్జీనియాలో శాసనసభ ఎన్నుకుంటుంది, కాబట్టి మీ డెలిగేట్‌ని (శాసనసభ్యుణ్ణి) అడగండి. జార్జియాలో పార్టీ లేకుండా మే నెలలోనే అయిపోతుంది, ఆల్ఫరెటా వాళ్ళు నవంబరు దాకా ఆగితే మిస్సవుతారు. ఇల్లినాయ్‌లో మొదటిసారి పార్టీ మీద గెలిచినవాళ్ళు తర్వాత ఉంచాలా వద్దా అన్న ఓటుకు వస్తారు, ఉండాలంటే 60 శాతం రావాలి. విస్కాన్సిన్‌లో 2025 ఏప్రిల్‌లో ఒక్క సుప్రీంకోర్టు సీటుకు అందరూ కలిసి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. నార్త్ కరోలినాలో 2024లో 55 లక్షలకు పైగా ఓట్లు పడితే సుప్రీంకోర్టు సీటును ఆలిసన్ రిగ్స్ గెలిచింది 734 ఓట్లతో. షార్లెట్‌లో మా బంధువుల గ్రూపులోనే ఆ పేజీ ఖాళీగా వదిలినవాళ్ళున్నారు.

గళ్ళు నింపలేకపోయిన పోటీని ఖాళీగా వదిలేయండి, మిగతా ఓట్లు చెల్లుతాయి. ఓటేసి వచ్చాక ఆ కాగితం పారేయకండి. ఓటరు జాబితాలోంచీ డ్రైవర్ లైసెన్సుల జాబితాలోంచీ జ్యూరీ పిలుపులు వస్తాయి, మీకూ ఒకటి వస్తుంది. తప్పించుకోవాలని చూడకుండా వెళ్ళండి. ఏ కోర్టు గదికి పంపారో నంబరు చూసి కాగితంలో ఆ లైను దగ్గర బెంచి గడి నింపుకోండి. ఆ జడ్జి మళ్ళీ బ్యాలెట్ మీదకు వచ్చే ఏడాది కూడా పక్కనే రాసి పెట్టుకోండి.